ముందు వాడి డిక్టేషన్ పుస్తకం తెరిచి చూడండమ్మా

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర పల్లె, బాబు నాలుగో తరగతి, తొమ్మిదేళ్లు నిండాయి. కొట్టుకి పంపితే చిల్లర లెక్క షావుకారు కంటే ముందే తేల్చేస్తాడు. తాత చెప్పిన కథ పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. తెలుగు వాచకం చేతికిస్తే మాత్రం రెండు లైన్లు దాటేసరికి చెమటలు పట్టేస్తాయి. బళ్లో బద్ధకం అన్నారు. మీ అత్తగారు, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావు, అందుకే అన్నారు. మీ ఆయన చెన్నై నుంచి రోజూ రాత్రి ఫోన్‌లో పాఠం చదివించి, తడబడితే కేకలేస్తున్నారు. పక్కింటివాళ్లు ఇంగ్లిష్ మీడియంలో పడేస్తే దారికొస్తాడన్నారు. ఈలోగా ఎవరో డిస్లెక్సియా అనే మాట మీ చెవిన వేశారు. ఇది రోగమా, మందుందా, వీడు పది పాసవుతాడా అని మీ టెన్షన్.

నేను డాక్టర్ని కాను. ఈ జిల్లాలోనే 27 ఏళ్లు బడిపంతులుగా చేశాను. చివరి పదేళ్లు చదువులో వెనకబడ్డ పిల్లలతోనే ఎక్కువగా గడిచింది. ఉత్తరం చదివి మీవాడికి ఫలానా అని తేల్చి చెప్పకూడదు, చెప్పను. ఇంట్లో కూర్చుని మీరేం గమనించవచ్చో, రేపటి నుంచి ఏం చేయవచ్చో మాత్రం చెప్పగలను.

మొట్టమొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చిన్నప్పుడు చెవిలో చీము కారిన పిల్లలకి కొన్ని శబ్దాలు సరిగా వినపడవు, దాన్నీ మనం చదువు రాకపోవడం కిందే జమ కట్టేస్తాం. ఆ రెండూ బాగానే ఉంటే వాడి డిక్టేషన్ పుస్తకం తీయండి. మార్కులు చూడకండి, తప్పులు చూడండి.

నేను అలా చూడక చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగో తరగతిలో ఒక గుంటడుండేవాడు. మన ఊళ్ల మాటలే పది డిక్టేషన్ ఇచ్చాను. ‘వంశధార’కి ‘వశదర’ అని రాశాడు. ‘నాగావళి’కి ‘నగవలి’. ‘కొబ్బరి’కి ‘కొబరి’. ‘జీడిపప్పు’కి ‘జిడపపు’. ‘శ్రీకాకుళం’ పైన ఒకసారి ‘శికాకలం’ అని, అదే పేజీలో కింద ‘సికకుళ’ అని. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఒక్కో మాటా పదేసిసార్లు రాసుకు రమ్మన్నాను. మర్నాడు తెచ్చాడు, మొత్తం వంద. వందా తప్పే. చివరి పేజీకి వచ్చేసరికి తప్పు చేతికి బాగా అలవాటైపోయి, దస్తూరీ కూడా కుదురుకుంది! తప్పుని వందసార్లు సాధన చేయించింది నేనే. అప్పుడు నాకది తెలియలేదు. ఎదురు రెండు దెబ్బలు కూడా వేశాను.

ఇప్పుడు ఆ పేజీ మళ్లీ చూడండి. మాట అస్థిపంజరం మొత్తం ఉంది. వ, శ, ద, ర వరసగా ఉన్నాయి. రాలిపోయినవేమిటి? దీర్ఘం, కింద వేసే వత్తు, సున్న, ‘ధ’ లాంటి ఒత్తి పలికే అక్షరం. అంటే వాడికి మాట వినపడింది, అర్థం తెలుసు, అక్షరాలు చాలావరకు వచ్చు. విన్న మాటని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకి ఒక్కో గుర్తు వేసేచోట చెయ్యి తడబడుతోంది. బద్ధకస్తుడి తప్పులు ఇలా ఒక పద్ధతిగా ఉండవమ్మా. చదవని పిల్లాడు ఏదో ఒకటి గీకేస్తాడు, లేదా ఖాళీ వదిలేస్తాడు.

డిస్లెక్సియా అంటే స్థూలంగా ఇదే. తెలివి తక్కువ కావడం కాదు, కళ్లకి అక్షరం కనపడకపోవడం కాదు. మాటలోని శబ్దాల్ని విడివిడిగా పట్టుకోవడం, వాటిని అక్షరాలతో చకచకా జతచేయడం మెదడుకి కష్టం కావడం. మాట్లాడటం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా కాదు. మనిషి రాత కనిపెట్టి సుమారు ఐదువేల ఏళ్లే అయింది. చదువుకోసం పుట్టుకతో వచ్చిన భాగమేదీ మెదడులో లేదు. చూపుకి, మాటకి పనిచేసే చోట్లని కలిపి ప్రతి పిల్లాడూ కొత్తగా దారి వేసుకోవాల్సిందే. ఎడమ మెదడులో ఆ దారి కొందరికి తొందరగా తారురోడ్డు అవుతుంది, కొందరికి చాలాకాలం గట్టు మీద నడకే. నూటికి ఐదు నుంచి పదిమంది దాకా ఇలాంటి పిల్లలుంటారని సాధారణంగా లెక్క వేస్తారు. ముప్పైమంది ఉన్న క్లాసులో ఇద్దరు ముగ్గురన్నమాట.

డిస్లెక్సియా అన్న పేరు పెట్టింది 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ముందుంటాడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే అందరికంటే తెలివైనవాడు అవుతాడని వాళ్ల మాస్టారు అన్నాట్ట. మీ ఉత్తరంలో చిల్లర లెక్క సంగతి చదవగానే నాకు ఆ మాస్టారే గుర్తొచ్చాడు.

ఇక తెలుగు సంగతి. ఈ విషయం మీద దొరికే సమాచారం చాలామటుకు ఇంగ్లిషు పిల్లల గురించే. బి, డి తారుమారు చేస్తారు, అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాస్తారు అని ఉంటుంది. అది చూసి మావాడు అలా చేయడు కాబట్టి డిస్లెక్సియా లేదనుకుంటారు. మన లిపిలో దీని వాలకం వేరు. 56 అక్షరాలు నేర్చుకుంటే పనైపోదు. గుణింతాలు, వత్తులు కలిస్తే వందల రూపాలు. మ, వు పక్కపక్కన పెట్టి చూడండి. ప, వ, స, ష చూడండి. చిన్న గీత, చిన్న ముడి తేడా. ర వత్తు, య వత్తు, ల వత్తు అసలు అక్షరం పోలికలోనే ఉండవు. పైగా ‘క్ర’లో ర పలికేది క తర్వాత, రాతలో మాత్రం క కింద నుంచి ఎడమకి చుట్టుకుంటుంది. సున్న ఒకటే, ‘పంచె’లో ఒకలా, ‘పండు’లో ఒకలా, ‘పంపు’లో ఒకలా పలుకుతుంది. ‘కొబ్బరి’ని నెమ్మదిగా నోటితో విరవండి. కొబ్, బ, రి అని విరుగుతుంది. రాసేటప్పుడు కొ, బ్బ, రి. నోట్లో మొదటి ముక్కతో పోయిన బ్ శబ్దం కాగితం మీద రెండో అక్షరం కింద వేలాడుతోంది. మామూలు పిల్లలు కొన్నాళ్లకి దీన్ని గుడ్డిగా పట్టేస్తారు. మన గుంటడు దగ్గర ఆ వత్తు రాలిపోతుంది.

ఇందులో ఒక మేలూ ఉంది. తెలుగులో రాసినదే పలుకుతాం. అందుకని ఇలాంటి పిల్లలు కూడా కాస్త ఆలస్యంగానైనా చాలావరకు తప్పుల్లేకుండా చదివే స్థితికి వస్తారు. మిగిలిపోయేది నెమ్మదితనం. అందుకే మన దగ్గర ఈ సంగతి త్వరగా బయటపడదు. ఎక్కువమంది బట్టీతో నెట్టుకొచ్చేస్తారు. పాఠం క్లాసులో రెండుసార్లు వింటే చాలు, పుస్తకం ముందు పెట్టుకుని గడగడా ‘చదివేస్తారు’. మీవాడూ అలాగే మూడో తరగతి దాకా వచ్చి ఉండొచ్చు.

బట్టీ అవునో కాదో తెలుసుకోవడానికి ఇంట్లోనే రెండు పనులు చేయండి. ఒకటి, లేని మాటలు రాసివ్వండి. గిపడ, రుమెతి, కేలసు లాంటివి. అర్థం లేదని ముందే చెప్పి, ఇది ఆట అనండి. నేను ఒకమ్మాయికి ‘గిపడ’ రాసిస్తే వెంటనే ‘గడప’ అంది. అక్షరాలు కనపడ్డాయి, వాటితో కుదిరే తెలిసిన మాటని ఊహించేసింది. రెండోది, గుణింతం వరసగా కాకుండా మధ్యలోంచి అడగండి. ‘మే’ రాయమంటే పెదాలు కదులుతున్నాయేమో చూడండి. మ మా మి మీ అంటూ మొదటి నుంచి వచ్చి ‘మే’ దగ్గర ఆగితే, వాడికి గుణింతం పాటగా వచ్చు, అక్షరంగా రాలేదు. నాలుగో తరగతికి వచ్చాక, మంచిగా చెప్పినా, నెలల తరబడి ఇలాగే ఉంటే పట్టించుకోవాల్సిన విషయమే. ఒకటో తరగతి పిల్లాడైతే ఇవన్నీ మామూలే, కంగారొద్దు.

ఇంగ్లిష్ మీడియం గురించి నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. ఈ కష్టానికి అది మందు కాదు. శబ్దానికీ అక్షరానికీ లంకె కుదరనివాడికి, ఆ లంకె సరిగా లేని భాష అప్పజెబితే ఏమవుతుంది? ‘నైఫ్’ రాయడానికి ముందు ‘కె’ ఎందుకు పెట్టాలో వాడికి ఎవరు చెబుతారు? తెలుగులో నెమ్మదిగానైనా నడిచినవాడు అక్కడ పూర్తిగా ఆగిపోతాడు. అలాగని ఇంగ్లిషు మానిపించమనడం లేదు. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, మరో పక్క ఇంగ్లిషు ఉన్నవి వచ్చాయి కదా, అవి ఇలాంటి పిల్లలకి బాగా పనికొస్తాయి. ముందు తెలుగు పేజీ వినిపించి, సంగతి తెలిశాక ఇంగ్లిషు పేజీకి వెళ్లండి. ఫీజుకి పెట్టే డబ్బు దాచుకోండి.

మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులు, పొడులు, రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు దీన్ని నయం చేయవు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, ఆ మాట అత్తగారికి మెల్లగా చెప్పండి. ఇది వంశంలో నడిచే లక్షణం. ఎవరి తప్పూ కాదు. ఒకసారి ఒక తండ్రిని పిలిపించి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టమన్నాను. మంచి మేస్త్రీ, చుట్టుపక్కల నాలుగూళ్లలో ఇళ్లు కట్టాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగి, పేరులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. తర్వాత తలెత్తకుండానే, "ఏటి సెప్పమంటారు మాస్టారూ, నాకూ చిన్నప్పుడు ఇలాగే ఉండీది. ఏడులో మానేసినాను" అన్నాడు. అప్పటిదాకా కొడుకుని ఎక్కువ కొట్టింది ఆయనే. మీ ఆయన్ని కూడా ఒకసారి నెమ్మదిగా అడగండి, చిన్నప్పుడు చదువు ఎలా సాగిందని. గొడవ పెట్టుకోవడానికి కాదు. ఫోన్‌లో చదివించడం ఆపి, రోజూ రాత్రి వాడికి ఒక కథ చెప్పమనండి, లేదా ఆయన చదువుతుంటే వాడు పుస్తకంలో వేలు పెట్టి వెంబడించమనండి. ఈ ఒక్క మార్పుకే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పని. రోజూ ఇరవై నిమిషాలు, అంతకు మించొద్దు. వాడు బడి నుంచి వచ్చి తిని, ఆడుకున్నాక. పుస్తకం వెంటనే తీయకండి. చింతపిక్కలు ఒక గుప్పెడు తెచ్చుకోండి. (జీడిపిక్కలు వద్దు, సొన అంటితే చెయ్యి పొక్కుతుంది.) ‘నాగావళి’ అని మీరు నెమ్మదిగా అంటే వాడు ముక్కకో పిక్క జరపాలి. నా, గా, వ, ళి. నాలుగు. ఇప్పుడు ‘గా’ తీసేస్తే ఏం మిగులుతుంది? ‘నావళి’. మొదటి పిక్క తీసేస్తే? ఇలా నోటితోనే వారం పది రోజులు ఆడండి. అక్షరం జోలికే వెళ్లొద్దు. చెవి కుదురుకోవాలి ముందు.

తర్వాత దీర్ఘాలు. మెడ, మేడ. పడు, పాడు. రబ్బరు బ్యాండు వాడి చేతికిచ్చి, పొడవుగా పలికేచోట సాగదీయమనండి. సాగిన ప్రతిచోటా ఒక గుర్తు ఉంటుందని చెప్పండి. నవ్వులాటగా ఉంటుంది కానీ, ‘నగవలి’ అని రాసే పిల్లాడు ‘నాగావళి’లో రెండుచోట్ల రబ్బరు సాగదీశాక దీర్ఘం మరిచిపోవడం తగ్గిపోతుంది. చేతికి తెలిసింది కాబట్టి.

వత్తులు ఆ తర్వాతే. ముందు తన వత్తు తనకే ఉన్నవి: గద, గద్ద. కల, కల్ల. అమ్మ, అక్క, కొబ్బరి. ‘కొబ్బరి’ అనేటప్పుడు పెదాలు రెండూ కాసేపు నొక్కుకుంటాయి, అద్దంలో చూపించండి. ఆ నొక్కే వత్తు. ఇవి బాగా వచ్చాక ర వత్తు ఒక్కటే రెండు వారాలు. తర్వాత య వత్తు. అన్నీ కలిపి ఒకేసారి పెడితే మళ్లీ మొదటికొస్తాం. పోలిక ఉన్న అక్షరాలు కూడా ఒకే రోజు వద్దు. ప నేర్పిన వారం వ ముట్టుకోకండి. రాయడం పళ్లెంలో ఇసుక పోసి వేలితో, పైకి పలుకుతూ. అక్షరాభ్యాసంలో బియ్యంలో రాయిస్తాం కదా, ఒకసారి చేసి వదిలేస్తాం. మీరు దాన్ని కొనసాగిస్తున్నారనుకోండి.

చదివించేటప్పుడు మీరూ వాడూ కలిసి పైకి చదవండి. పేరా ఒకటి మీరు, అదే పేరా ఇద్దరూ, ఆఖరున వాడు ఒక్కడే. ఎక్కడ ఆగితే అక్కడ ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగి, రాకపోతే మాట మీరే అందించి ముందుకు పోండి. తప్పు రాసిన మాటని పదిసార్లు రాయించకండి, నా అనుభవం పైన చెప్పాను. ఒక్కసారి రాసినా సరిగ్గా, విడదీసి పలుకుతూ రాయాలి. ఫలితం వారాల్లో రాదు. మూడు నెలలు చేశాక పాత డిక్టేషన్ పేజీ పక్కన కొత్తది పెట్టి చూడండి. మధ్యలో చూస్తే నిరాశ పడతారు.

దీంతోపాటు వాడికి వయసుకి తగ్గ సంగతులు చెవి ద్వారా అందుతూనే ఉండాలి. సైన్సు, సోషల్ మీరు చదివి వినిపించండి, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో వీడియో పెట్టండి. చదవడం రాలేదని తెలుసుకోవడం కూడా ఆపేస్తే, రెండేళ్లకి నిజంగానే వెనకబడతాడు. అప్పుడు బద్ధకం అన్నవాళ్ల మాటే నిలబడుతుంది.

బళ్లో రెండు విషయాలు అడగండి. క్లాసు అందరి ముందూ లేపి చదివించవద్దని, జవాబు నోటితో చెప్పినా లెక్కలోకి తీసుకోమని. గొడవగా కాదు, పుస్తకం తీసుకెళ్లి తప్పులు చూపించి. ఆ టీచరుకి అరవైమంది పిల్లలుండొచ్చు, బడి మొత్తానికి టీచరు ఒక్కరే ఉండొచ్చు. ఈ శిక్షణ మాలో చాలామందికి లేదు, నాకూ మొదట్లో లేదు. చట్టం మాత్రం మీ పక్షాన ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో 21కి పెంచారు, అందులో ఇలాంటి అభ్యసన లోపాలు కూడా చేర్చారు. పిల్లల్లో వీటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో బోధించాల్సిన బాధ్యత బడులదేనని ఆ చట్టంలోనే ఉంది.

పరీక్ష చేయించే దారి ఇదీ. మీ మండలంలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. అక్కడి రిసోర్స్ టీచరు మొదట చూసి చెబుతారు. ఆపైన జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. తెలివితేటల పరీక్ష ఒకటి, చదవడం, రాయడం, లెక్కల పరీక్ష ఒకటి, క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు. దీనికి మన దేశంలో ఎక్కువగా వాడేది బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్ష. ఈ పరీక్ష చేసేవాళ్లు ప్రతి ఆసుపత్రిలోనూ ప్రతిరోజూ ఉండరు, ముందు కనుక్కుని వెళ్లండి, బస్సు చార్జీలు దండగ కాకుండా. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి రాసిస్తే పేరు విని భయపడకండి. పరీక్ష చేసే మనుషులు అలాంటి పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటారు. ఎనిమిదేళ్లు దాటాడు కాబట్టి వయసు అడ్డం కాదు. సర్టిఫికెట్‌కి సదరం (వైకల్యం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరం) స్లాట్ మీ సచివాలయంలో బుక్ చేస్తారు.

సర్టిఫికెట్ వస్తే వాడి మీద ముద్ర పడుతుందని కొందరు వెనకాడతారు. ‘మొద్దు’ అనే ముద్ర ఇప్పటికే పడింది కదమ్మా, దానికంటే ఇది నయం. పదో తరగతి దగ్గర అది అక్కరకొస్తుంది. పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, ఇవి కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. మూడు గంటల పేపరుకి ఇంకో గంట. నెమ్మదిగా చదివేవాడికి ఆ గంటే పాసుకీ ఫెయిలుకీ మధ్య తేడా. దరఖాస్తు హెడ్మాస్టరు ద్వారా పోవాలి, పరీక్షల ముందు కాకుండా తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టండి. పది పాసవుతాడా అని అడిగారు. నా దగ్గర చదివిన ఇలాంటివాళ్లలో పాసైనవాళ్లు ఉన్నారు. మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మానేసింది చదువు రాక కాదు, రోజూ తిట్లు పడలేక. మీవాడికి ఇంకా ఆరేళ్ల టైముంది.

భవిత కేంద్రానికి వెళ్లేరోజు వాడి పాత డిక్టేషన్ పుస్తకం, ఏదైనా పరీక్ష పేపరు, కంటి చెవి పరీక్షల చీటీలు పట్టుకెళ్లండి. పుస్తకంలో తప్పులు ముందే దిద్దించి అందంగా చేసి తీసుకెళ్లొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి. వీలైతే ఆ పేజీ ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, వాడి పేరు కనపడకుండా. ఏ వత్తు నుంచి మొదలుపెట్టాలో చూసి చెబుతాను.